ఒకే ఆట, ఊరికో వేషం

1980లో జపాన్‌లోని నామ్కో సంస్థ ‘పక్ మ్యాన్’ అనే ఆర్కేడ్ గేమ్‌ను విడుదల చేసింది. పసుపుపచ్చటి గుండ్రటి బొమ్మ ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ దారిలోని చుక్కలన్నీ మింగుకుంటూ పోవడం, వెంటపడే నాలుగు దయ్యాలకు చిక్కకుండా తప్పించుకోవడం, ఇంతే ఆ ఆట. నోరాడించే చప్పుడును జపనీస్‌లో ‘పాకు పాకు’ అంటారు. ఆట పేరుకు మూలం అదే. అమెరికాలో దాన్ని అమ్మబోయిన సంస్థకు మాత్రం ఆ పేరు చూడగానే బెంగ పట్టుకుంది. ఆట పెట్టె మీది ‘పి’ అక్షరాన్ని ఆకతాయి ఎవడైనా కాస్త గీకితే ‘ఎఫ్’ అయి కూర్చుంటుంది, పేరు కాస్తా బూతుమాట అవుతుంది. అందుకని ‘పక్’ను ‘ప్యాక్’ చేశారు. ప్రపంచమంతా ఎరిగిన ‘ప్యాక్ మ్యాన్’ పేరు ఒక్క అక్షరం గురించిన భయంలోంచి వచ్చింది.

ఆ ఆటలో మాటల్లేవు, చెప్పుకోదగ్గ కథ లేదు, ఉన్నవి ఐదే పాత్రలు. దానికే పొలిమేర దాటేసరికి పేరు మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పటి పెద్ద గేముల సంగతి చెప్పనక్కర్లేదు. ఈస్టోనియాలో పుట్టిన ‘డిస్కో ఎలీసియం’ (2019)లో పది లక్షలకు పైగా మాటలున్నాయి. పోలాండ్‌లో తయారైన ‘ది విచర్ 3’ (2015)లో సంభాషణలే సుమారు నాలుగున్నర లక్షల మాటలు. ఇలాంటి గేమ్‌ను పది దేశాల్లో అమ్మదలచినవారు నాలుగు ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాలి. అది ఏ భాషలో మాట్లాడాలి? ఏ చట్టానికి లోబడాలి? ఏ యంత్రం మీద నడవాలి? ఏ ధరకు దొరకాలి? మొదటిది చూడ్డానికి కళకు సంబంధించినది, చివరిది వ్యాపారానికి సంబంధించినది. అయితే ఒకదాని జవాబు మిగతా మూడింటినీ కదిలిస్తుంది. ఈ రంగంలోని చిక్కంతా అక్కడే ఉంది.

జపాన్ నేర్చుకున్న పాఠాలు

1980ల నడుమ నుంచి గేముల వ్యాపారం ప్రధానంగా జపాన్ నుంచి అమెరికాకు సాగింది. మొదటి పాఠాలన్నీ ఆ దారిలో నేర్చుకున్నవే. 1986లో నింటెండో తన ‘సూపర్ మారియో బ్రదర్స్’కు రెండో భాగం తెచ్చింది. మొదటి భాగాన్ని కరతలామలకం చేసుకున్న జపాన్ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని దాన్ని మహా కష్టంగా రూపొందించారు. అమెరికా శాఖ వాళ్లు ఆడి చూసి పెదవి విరిచారు. అంత కఠినమైన ఆట అమెరికా పిల్లల్ని విసిగిస్తుందన్నది వారి భయం. చివరికి 1987లో జపాన్‌లో వచ్చిన ‘దోకి దోకి పానిక్’ అనే వేరే గేమ్‌ను తీసుకుని, అందులోని పాత్రల స్థానంలో మారియో బృందాన్ని కూర్చోబెట్టి, 1988లో దాన్నే అమెరికాలో రెండో భాగంగా అమ్మారు. ఆ వేషం ఎంత కుదిరిందంటే, 1992లో అదే గేమ్ ‘సూపర్ మారియో యూఎస్ఏ’ పేరుతో జపాన్‌కు తిరిగి వచ్చింది.

ఒక దేశం కోసం చేసిన గేమ్‌ను మరో దేశపు ఆటగాళ్లకు తగ్గట్టు మలిచే ఈ పనిని పరిశ్రమలో లోకలైజేషన్ అంటారు. తెలుగులో స్థానికీకరణ అనుకోవచ్చు. అనువాదం అందులో ఒక భాగం మాత్రమే. పేర్లు, హాస్యం, తిండి, రంగులు, కష్టం పాళ్లు, బొమ్మలు, కొలతలు, తేదీ రాసే తీరు అన్నీ అందులోకే వస్తాయి.

పోకెమాన్ గేముల్లోని జీవుల పేర్లు ఈ పనికి మంచి ఉదాహరణ. కాలితో తన్నే ఒక జీవికీ, గుద్దే మరో జీవికీ జపాన్‌లో అక్కడి కిక్‌బాక్సర్ సవమురా, బాక్సర్ ఎబిహారా పేర్లను కలిపి ‘సవాములర్’, ‘ఎబివలర్’ అని పెట్టారు. ఆ ఇద్దరినీ అమెరికా పిల్లలు ఎరగరు. అందుకే ఇంగ్లిష్‌లో అవి బ్రూస్ లీ, జాకీ చాన్‌లను గుర్తుచేసే ‘హిట్‌మన్‌లీ’, ‘హిట్‌మన్‌చాన్’ అయ్యాయి. ఇక్కడ మాటకు మాట పెట్టలేదు, నవ్వుకు నవ్వు పెట్టారు. పికాచు పేరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

పికాచుతోనూ ఒక చోట పేచీ వచ్చింది. 2016లో చైనీస్ మాట్లాడేవారందరికీ ఒకే పేరుండాలని నింటెండో కొత్త రాతను ఖాయం చేసింది. దాన్ని మాండరిన్‌లో చదివితే ‘పికాచు’కు దగ్గరగానే వినిపిస్తుంది. హాంకాంగ్ వాసులు అదే రాతను తమ కాంటనీస్‌లో చదివితే ధ్వని పూర్తిగా మారిపోతుంది. చిన్నప్పటి నుంచీ పిలుచుకున్న పేరు పోయిందని అక్కడి అభిమానులు జపాన్ కాన్సులేట్‌కు ఊరేగింపుగా వెళ్లి నిరసన తెలిపారు. ఖర్చు తగ్గించుకోవడానికి భాషల్ని ఒకే గాటన కట్టడం లెక్కల్లో సులువు, జనం నోట కష్టం.

మార్పు మరీ ఎక్కువైనా ఇబ్బందే. క్యాప్‌కామ్ సంస్థ 2001లో జపాన్‌లో తెచ్చిన కోర్టు గేమ్ ‘గ్యాకుతెన్ సాయిబాన్’ 2005లో ‘ఏస్ అటార్నీ’గా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. నాయకుడైన లాయరు నరుహోదో కాస్తా ఫీనిక్స్ రైట్ అయ్యాడు, కథాస్థలం లాస్ ఏంజెలెస్ అయింది, అతని సహాయకురాలు లొట్టలేసుకుంటూ తినే రామెన్ నూడుల్స్ బర్గర్లయ్యాయి. హాస్యం బాగా పండింది. తర్వాతి భాగాల్లో మాత్రం జపాన్ గుళ్లు, పల్లెలు, జానపద భూతాలు కథలోకి వచ్చి కూర్చున్నాయి. అమెరికా నడిబొడ్డున అవన్నీ ఎందుకున్నాయో అనువాదకులు ప్రతిసారీ ఏదో ఒక సర్దుబాటు చెప్పుకోవాల్సి వచ్చింది. మొదట వేసిన ఒక్క అడుగును సమర్థించుకోవడానికి ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు.

వ్యవధి కూడా కుదించుకుపోయింది. మొదటి పోకెమాన్ గేములు జపాన్‌లో 1996లో వస్తే అమెరికా చేరడానికి 1998 దాకా పట్టింది. 2013లో వచ్చిన ‘ఎక్స్’, ‘వై’ భాగాలు ప్రపంచమంతటా ఒకే రోజున విడుదలయ్యాయి. కథ గుట్టు గంటల్లో ఇంటర్నెట్‌లో రట్టయ్యే కాలంలో ఆలస్యంగా అందుకునేవాడు కొనడు. దాంతో అనువాదకులు ఇంకా పూర్తికాని గేమ్‌ను, రోజూ మారుతున్న స్క్రిప్టును తెలుగు సినిమా డబ్బింగ్ వాళ్లలాగా వెంటపడి పట్టుకోవాల్సి వస్తోంది.

ముక్కలుగా వచ్చే వాక్యాలు

నవలను అనువదించేవారి చేతిలో పుస్తకం మొత్తం ఉంటుంది. గేమ్ అనువాదకుల చేతికి తరచు వచ్చేది గళ్ల పట్టిక. ఒక గడిలో ‘ఫైర్’ అని ఉంటుంది. అది మండే నిప్పా, తుపాకి పేల్చే మీటా, ఎవరినైనా కొలువులోంచి తీసేయడమా అన్నది ఆ గడి చెప్పదు. అది ఏ తెర మీద, ఎవరి నోట, ఏ సందర్భంలో వస్తుందో వివరించే చిన్న గమనికను రాసినవారు జతచేస్తే అర నిమిషంలో పని అయిపోతుంది. చేయకపోతే విడుదలయ్యాక ఆటగాళ్లు తప్పు పట్టి నవ్వుకునేదాకా అది బయటపడదు.

అసలు చిక్కు అతుకుల వాక్యాల్లో ఉంటుంది. ఆటగాడికి ఏదైనా దొరికినప్పుడల్లా వేరే వాక్యం రాయడం కుదరదు కాబట్టి, ప్రోగ్రామర్లు ఖాళీలు వదిలి ఒకే వాక్యం రాస్తారు. ‘ఫలానావారికి ఫలానాది దొరికింది’ అన్నమాట. ఇంగ్లిష్‌లో ఆ ఖాళీల్లో ఏ పేరు పెట్టినా వాక్యం దాదాపుగా నిలబడుతుంది. తెలుగులో పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. ‘సీత’కు ‘కు’ చేరిస్తే సీతకు. ‘రవి’కి అదే చేరిస్తే ‘రవికు’ అని వస్తుంది, కానీ రావాల్సింది రవికి. రాముడైతే ‘రాముడుకు’ కాదు, రాముడికి. దొరికినవి ఎక్కువైతే క్రియ మారుతుంది. కత్తి దొరికింది, కత్తులు దొరికాయి. ‘వచ్చెను’ అనే గ్రాంథికాన్ని పక్కన పెడితే, వచ్చినవారు మగో ఆడో తెలియకుండా వాడుక తెలుగులో ఏకవచనం రాయడం కష్టం. పోనీ వచ్చారు అందామంటే, దొంగకూ దయ్యానికీ కూడా మర్యాద ఇచ్చినట్టవుతుంది.

రష్యన్‌లో ఇంకో తిరకాసు. అక్కడ ఒకటికి ఒక రూపం, రెండు నుంచి నాలుగు దాకా ఇంకో రూపం, ఐదు నుంచి వేరే రూపం. 21కి వచ్చేసరికి మళ్లీ ఒకటికి వాడిన రూపమే. అరబిక్‌లో రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి తెర మీది అమరికంతా అద్దంలో చూసినట్టు తిరగేయాలి. జర్మన్‌లో మాటలు పొడుగు. ఇంగ్లిష్ మాట కొలతకు గీసిన బటన్‌లో అవి ఇమడవు. అందుకే జాగ్రత్తపరులైన స్టూడియోలు అనువాదం మొదలుకాకముందే తెర మీది ప్రతి మాటనూ అర్థం లేని అక్షరాలతో సాగదీసి ఒక ఉత్తుత్తి భాష తయారుచేసి పరీక్షిస్తాయి. మాట ఎక్కడ గడి దాటి పొంగిపొర్లుతుందో అక్కడ డిజైన్ సరిచేస్తాయి. మొదట్లోనే చేస్తే అది ఒక పూట పని. గేమ్ అంతా పూర్తయ్యాక చేయాలంటే ప్రతి తెరనూ మళ్లీ గీయాలి.

వ్యాకరణం దాటాక మర్యాద ప్రశ్న వస్తుంది. ఇంగ్లిష్‌లో రాజునూ బిచ్చగాణ్నీ పిలిచేది ఒకే మాటతో. తెలుగులో అంగడివాడు వీరుడిని ‘మీరు’ అంటాడా, ‘నువ్వు’ అంటాడా, ‘నాయనా’ అంటాడా అన్నది వారి వయసు, హోదా, చనువు తేల్చాలి. జపనీస్, కొరియన్ భాషల్లో ఈ మెట్లు ఇంకా ఎక్కువ. కాబట్టి ప్రతి పాత్రా ఎదుటివారిని ఎలా పిలుస్తుందో అనువాదకులు ముందుగా జాబితా రాసుకోవాలి. ఆ చుట్టరికాలన్నీ గీసుకోకుండా గేమ్‌ను అనువదిస్తే, పది గంటల ఆటలో మేనత్త ఒకసారి ‘మీరు’, ఒకసారి ‘నువ్వు’ అయిపోతుంది.

గొంతుకు పెదవి కలవాలి

రాతను మించిన ఖర్చు గొంతుది. 2020 సెప్టెంబరులో విడుదలైన చైనా గేమ్ ‘గెన్షిన్ ఇంపాక్ట్’ రాతను పదికి పైగా భాషల్లో ఇచ్చినా, గొంతులు మాత్రం చైనీస్, జపనీస్, కొరియన్, ఇంగ్లిష్ నాలుగింట్లోనే వినిపిస్తాయి. అది నిరంతరం కొత్త కథలు జోడించుకుంటూ పోయే గేమ్. ప్రతి విడతకూ నాలుగు భాషల నటులనూ మళ్లీ స్టూడియోకు పిలవాలి. ఐదో గొంతు చేరిస్తే ఆ భారం గేమ్ బతికి ఉన్నన్నాళ్లూ మోయాలి.

గొంతు మారితే పెదవులు కలవవు. అమెరికాలోని సకర్ పంచ్ స్టూడియో 13వ శతాబ్దపు జపాన్ నేపథ్యంగా తీసిన ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ 2020లో ప్లేస్టేషన్ 4 మీద వచ్చింది. సమురాయ్ కథ కాబట్టి జపనీస్‌లో వినాలని చాలామంది ఆ గొంతులు ఎంచుకున్నారు. పాత్రల పెదవులు మాత్రం ఇంగ్లిష్ మాటలకే కదిలాయి. కీలక సన్నివేశాలను ముందే వీడియోలుగా తయారుచేసి డిస్క్‌లో పెట్టడం దానికి కారణం. ఇంకో భాషకు పెదవులు కలపాలంటే ఆ వీడియోలన్నీ మరోసారి పెట్టాలి. 2021లో వచ్చిన ప్లేస్టేషన్ 5 కూర్పులో సన్నివేశాన్ని యంత్రం అప్పటికప్పుడు గీస్తుంది కాబట్టి జపనీస్ పెదవులు కుదిరాయి. కళాత్మకమైన లోపంలా కనిపించినది నిజానికి డిస్క్‌లో చోటుకు సంబంధించిన లెక్క.

చట్టం గీసిన గీత

భాష దాటితే చట్టం ఎదురవుతుంది. నాజీ చిహ్నాల ప్రదర్శన జర్మనీలో నేరం. సినిమాలకు కళ పేరిట ఉన్న మినహాయింపు గేములకు చాలాకాలం వర్తించలేదు. నాజీలతో పోరాటమే కథ అయిన ‘వుల్ఫెన్‌స్టైన్ 2’ 2017లో వచ్చినప్పుడు జర్మన్ కూర్పులో స్వస్తిక గుర్తులు తీసేశారు. హిట్లర్ మీసం కూడా తీసేసి ‘హైలర్’ అని పేరు మార్చారు. మీసం లేని హిట్లర్‌ను చూసి నవ్వాలో, చరిత్రను చెరిపేశారని బాధపడాలో జర్మన్లకే తెలియలేదు. 2018 ఆగస్టులో అక్కడి రేటింగ్ సంస్థ గేములకూ సందర్భాన్ని బట్టి మినహాయింపు ఇవ్వొచ్చని తేల్చింది.

చట్టం అడ్డురాని చోట గాయాలు అడ్డొస్తాయి. 2008 నాటి ‘ఫాలౌట్ 3’లో అణ్వస్త్ర యుద్ధం తర్వాతి అమెరికా కనిపిస్తుంది. అందులో ఒక ఊరి నడుమ పేలకుండా మిగిలిన అణుబాంబును పేల్చాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం. జపాన్ కూర్పులో పేల్చే దారి మూసేశారు. నాగసాకి మీద పడిన బాంబు ముద్దుపేరైన ‘ఫ్యాట్ మ్యాన్’ అందులో ఒక ఆయుధానికి ఉంటే దాన్నీ మార్చారు. అదే గేమ్‌ను భారత్‌లో విడుదల చేయబోమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, సాంస్కృతిక సున్నితత్వమే కారణమంది. ఫలానాది అని విడమరిచి చెప్పలేదు. రెండు తలల ఆవుల్లాంటి జంతువులకు గేమ్‌లో ‘బ్రాహ్మిన్’ అని పేరుండటమే కారణమై ఉంటుందని చాలామంది అనుకున్నారు.

దేవుళ్ల బొమ్మలతో గేమ్ చేసేవారికి ఇంకో రకం ప్రశ్న ఎదురవుతుంది. భారత్‌లో తయారైన తొలి ప్లేస్టేషన్ 2 గేమ్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో వచ్చింది. చేసింది హైదరాబాద్‌కు చెందిన ఔరోనా టెక్నాలజీస్. బాలాంజనేయుడి కథలు ఇక్కడ బొమ్మల పుస్తకాల్లో, యానిమేషన్ సినిమాల్లో అందరికీ అలవాటే. అమెరికాలోని ఒక హిందూ నాయకుడు మాత్రం ఈ గేమ్‌కు అభ్యంతరం చెప్పారు. దేవుణ్ని బటన్లు నొక్కి ఆటగాడు నడిపించడం అపచారమన్నది ఆయన వాదం. ఒక కథను చూడటం వేరు, దాన్ని చేత్తో ఆడించడం వేరు అన్న ఈ తేడా గేములకే ప్రత్యేకం. సినిమా తీసేవారికి ఆ బెడద లేదు.

అమెరికాలో 1994 నుంచి, ఐరోపాలో చాలా దేశాలకు 2003 నుంచి వయసును బట్టి గేములకు రేటింగ్ ఇచ్చే సంస్థలున్నాయి. జర్మనీకి, జపాన్‌కు వేరే సంస్థలు. ఒకచోట రక్తానికి కత్తెర పడితే మరోచోట జూదానికి పడుతుంది. అన్నిటికంటే కఠినమైన గడప చైనాది. అక్కడ గేమ్ అమ్మి సొమ్ము చేసుకోవాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి, విదేశీ సంస్థకు స్థానిక భాగస్వామి కావాలి. 2018లో తొమ్మిది నెలల పాటు, మళ్లీ 2021 జూలై నుంచి 2022 ఏప్రిల్ దాకా కొత్త లైసెన్సులు ఆగిపోయాయి. 2021 సెప్టెంబరు నుంచి 18 ఏళ్ల లోపువారు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆన్‌లైన్ గేములు ఆడాలని నిబంధన వచ్చింది. ఏళ్ల తరబడి కోట్లు పోసి చేసిన గేమ్ కూడా ఒక కార్యాలయంలో ఫైలు కదిలేదాకా ఎదురుచూడాల్సిందే.

భారత్‌లో అలాంటి ఎదురుదెబ్బ తిన్నది ‘పబ్‌జీ మొబైల్’. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 చైనా సంబంధిత యాప్‌లలో అదీ ఉంది. మాతృసంస్థ క్రాఫ్టాన్ కొరియాది. అది చైనా భాగస్వామిని పక్కకు పెట్టి 2021 జూలైలో ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ పేరుతో కొత్త కూర్పు తెచ్చింది. అందులో రక్తం ఎరుపు కాదు, ఆకుపచ్చ. చంపడం అనే మాట లేదు, ముగించడం అనే మాట వచ్చింది. 18 ఏళ్ల లోపువారికి రోజుకు మూడు గంటలు, 7,000 రూపాయలు అని హద్దులు పెట్టారు. ఇన్ని చేసినా 2022 జూలైలో అది మళ్లీ యాప్ దుకాణాల నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగి వచ్చింది.

తీగలు, ఫోన్లు

కథ, చట్టం కుదిరినా యంత్రం మొరాయించవచ్చు. పాత టీవీల కాలంలో జపాన్, అమెరికాల్లో తెర సెకనుకు 60 సార్లు మారితే ఐరోపాలో 50 సార్లే మారేది. మార్పులు చేయకుండా అక్కడ అమ్మిన గేములు ఆరో వంతు నెమ్మదిగా నడిచేవి. పాట సాగేది, పరుగు మందగించేది. తమ గేమ్ నీరసంగా ఉందని అక్కడి పిల్లలకు తెలిసేది కూడా కాదు.

ఇప్పుడు ఆ పాత్ర దూరానిది. హైదరాబాద్‌కూ అమెరికా తూర్పు తీరానికీ సుమారు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆటగాడు నొక్కిన మీట అక్కడి సర్వర్‌ను చేరి జవాబు తిరిగి రావడానికి ఎంత తక్కువ చూసినా సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. సెకనుకు 60 బొమ్మలు చూపే గేమ్‌లో అది దాదాపు ఎనిమిది బొమ్మల ఆలస్యం. కాల్పుల ఆటలో గెలుపోటములు తేలడానికి అంతకంటే తక్కువ చాలు. తీగల్లో మలుపులు, మజిలీలు కలిస్తే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఏ ప్రాంతంలో గేమ్ అమ్మితే ఆ ప్రాంతానికి దగ్గర్లో సర్వర్ పెట్టక తప్పకపోవడానికి కారణం ఇదే. ప్రకృతి నియమానికి లోకలైజేషన్ లేదు.

ఫోన్ మరో హద్దు. 2016లో జియో రాకతో భారత్‌లో డేటా చవకై కోట్లమంది ఆటగాళ్లయ్యారు. వారిలో అత్యధికుల చేతిలో ఉన్నది కన్సోల్ కాదు, కంప్యూటర్ కాదు, తక్కువ ధర ఫోన్. అలాంటి ఫోన్ల కోసమే పబ్‌జీకి ‘లైట్’ అనే చిన్న కూర్పు 2019లో తెచ్చారు. ఆకుల కదలికలు తగ్గించాలి, మైదానాన్ని కుదించాలి, ఆటగాళ్ల సంఖ్య తగ్గించాలి. అంటే చిత్రకారులు నెలల తరబడి దిద్దిన అందాన్ని కొంత చెరిపేయాలి. అలా చెరిపితేనే ఆట చేతికందుతుంది.

ఖర్చు, వాటా, ధర

ఇన్ని అవస్థలు పడి అన్ని దేశాలకూ వెళ్లడం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఖర్చులో ఉంది. 2023లో అమెరికా కోర్టులో జరిగిన ఒక విచారణలో ప్లేస్టేషన్ తయారీదారు సోనీ పత్రాలు పొరపాటున బయటపడ్డాయి. నల్ల మార్కర్‌తో కొట్టేసిన అంకెలు స్కాన్ చేసేసరికి కనిపించాయి. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ 2’ తయారీకి సుమారు 22 కోట్ల డాలర్లు అయినట్టు వాటిలో ఉంది. అంత ఖర్చుతో తీసిన గేమ్‌ను ఎవరో ఒకరి ఆన్‌లైన్ దుకాణంలో 70 డాలర్లకు అమ్మారనుకుందాం. దుకాణం వాటా సాధారణంగా 30 శాతం, అంటే 21 డాలర్లు. చేతికొచ్చేది 49. పన్నులు, ప్రచారం లెక్కలోకి తీసుకోకుండానే తయారీ ఖర్చు రాబట్టుకోవడానికి 45 లక్షల కాపీలు అమ్ముడుపోవాలి. ఒక్క దేశాన్ని నమ్ముకుంటే ఆ లెక్క కుదరదు.

ధర మరో పీటముడి. అమెరికాలో 70 డాలర్లు కొన్ని గంటల కూలి. భారత్‌లో, బ్రెజిల్‌లో అదే చాలామందికి కొన్ని రోజుల సంపాదన. అందుకని స్టీమ్ వంటి ఆన్‌లైన్ దుకాణాలు దేశానికో ధర పెట్టే వీలిచ్చాయి. అలా చేస్తే పక్క దేశాలవారు తమ చిరునామా దాచి చవక దేశం దారిన కొనుక్కుంటారు. అర్జెంటీనా, తుర్కియేల్లో కరెన్సీ విలువ కుప్పకూలడం, ఈ దొడ్డిదారి కొనుగోళ్లు కలవడంతో 2023 నవంబరులో స్టీమ్ అక్కడ స్థానిక కరెన్సీ వదిలి డాలర్ ధరలకు మారింది. నష్టపోయింది అక్కడి ఆటగాళ్లే.

మొబైల్ గేములు ఈ ముడిని వేరేలా విప్పాయి. ఆట ఉచితం. దుస్తులు, ఆయుధాలు, అదృష్టపు పెట్టెలు అమ్ముకుంటాయి. వందమందిలో కొద్దిమంది పెట్టే ఖర్చు మిగతా అందరి ఆటనూ పోషిస్తుంది. దీనికి కళపరంగా చెల్లించే మూల్యం ఉంది. ఆటగాడిని తృప్తిపరిచి ఇంటికి పంపే కథ బదులు, రేపు మళ్లీ రప్పించే ఏర్పాటు చుట్టూ డిజైన్ తిరుగుతుంది. లోపల ఏముందో తెలియని పెట్టెలకు డబ్బు తీసుకోవడం జూదమేనని బెల్జియం 2018లో తేల్చేసింది. దాంతో అక్కడికి వేరే కూర్పు చేయాల్సి వచ్చింది.

ఇంత డబ్బు పోసినా ఫలితం చేతిలో ఉండదు. సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన ‘కాంకర్డ్’ గేమ్‌కు ఆటగాళ్లు రాలేదు. సెప్టెంబరు 6న దాన్ని మూసేసి కొన్నవారందరికీ డబ్బు తిరిగిచ్చేశారు. రెండు వారాల ఆయుష్షు. తయారుచేసిన స్టూడియో కూడా అదే ఏడాది మూతపడింది.

సొంత నేల మీద నిలబడ్డవి

ప్రపంచం మెచ్చాలంటే ఏ ఊరివీ కాని కథలు చెప్పాలని ఒకప్పుడు చాలామంది నమ్మారు. అనుభవం వేరుగా చెబుతోంది. పోలాండ్‌లో సీడీ ప్రాజెక్ట్ సంస్థ 1994లో మొదలైంది. విదేశీ గేములు తెచ్చి అమ్మడం దాని పని. దొంగ కాపీలు వీధుల్లో చవగ్గా దొరికే దేశంలో అసలుది ఎవరు కొంటారు? 1999లో ‘బాల్డర్స్ గేట్’ గేమ్‌ను పేరున్న పోలిష్ నటుల గొంతులతో, అందమైన పెట్టెలో, పటం, పుస్తకంతో సహా తెచ్చారు. జనం ఎగబడి కొన్నారు. దొంగ కాపీలో సొంత భాష దొరకదు కదా.

ఆ అనుభవంతో వారే గేమ్ తయారీకి దిగారు. ఎంచుకున్నది తమ దేశపు రచయిత ఆంజెయ్ సప్కోవ్‌స్కీ రాసిన విచర్ కథలు. స్లావిక్ జానపదాల్లోని దయ్యాలు, బురద పల్లెలు, మొరటు హాస్యం, అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టారు. ‘ది విచర్ 3’ అయిదు కోట్ల కాపీలకు పైగా అమ్ముడైందని సంస్థ 2023లో ప్రకటించింది. అదే సంస్థ 2020 డిసెంబరు 10న ‘సైబర్‌పంక్ 2077’ను పాత కన్సోళ్ల మీద సరిగా నడవని స్థితిలో హడావుడిగా విడుదల చేసింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన దుకాణం నుంచి తీసేసింది, ఆరు నెలలకు గాని తిరిగి పెట్టలేదు. కథలో ఉన్న బలం యంత్రం దగ్గరి తొందరపాటు నుంచి గేమ్‌ను కాపాడలేకపోయింది.

2024 ఆగస్టులో చైనా నుంచి వచ్చిన ‘బ్లాక్ మిత్: వూకాంగ్’ ఇంకో అడుగు ముందుకేసింది. పదహారో శతాబ్దం నాటి వానర వీరుడి కథ అది. ఇంగ్లిష్ కూర్పులో కూడా చైనా పేర్లను చాలావరకు అలాగే ఉంచారు. చైనా మహాసర్పాన్ని ఐరోపా కథల్లో నిప్పులు కక్కే ‘డ్రాగన్’ పేరుతో పిలవకుండా ‘లూంగ్’ అనే రాశారు. విడుదలైన మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడయ్యాయి. రామెన్‌ను బర్గర్ చేసిన రోజుల నుంచి పరిశ్రమ ఎంత దూరం వచ్చిందో ఈ ఒక్క మాటలో కనిపిస్తుంది.

పరాయి కథ చెప్పేవారికీ దారి మూసుకుపోలేదు. ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’ తీసినవారు అమెరికన్లు. దాని ఇద్దరు దర్శకుల్ని 2021లో సుషిమా ద్వీపం తన పర్యాటక రాయబారులుగా నియమించింది. తుఫానులో కూలిన అక్కడి గుడి తోరణాన్ని మళ్లీ నిలబెట్టడానికి చందాలు అడిగితే, గేమ్ ఆడినవారు అడిగినదానికి ఎన్నో రెట్లు ఇచ్చారు.

హైదరాబాద్‌లో ఉంది, తెలుగులో లేదు

తెలుగు నేలకు ఈ పరిశ్రమ కొత్తది కాదు. ప్రపంచంలోని పెద్ద సంస్థల్లో ఒకటైన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. దేశంలోని గేమ్ డెవలపర్ల ప్రధాన సమావేశం చాలా ఏళ్లు ఆ నగరంలోనే జరిగింది. విదేశీ గేముల్లోని చెట్లు, కార్లు, కవచాలు గీయడంలో, దోషాలు వెతకడంలో మన యువత చేయి తిరిగింది. సొంత కథతో సొంత గేమ్ చేయడం మాత్రం ఇప్పటికీ కొద్దిమంది సాహసమే.

ఆ సాహసం ఎలాంటిదో పుణేకు చెందిన ‘రాజీ’ గేమ్ చూస్తే తెలుస్తుంది. తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లే అమ్మాయి కథ. దుర్గ, విష్ణువు కథ చెబుతుంటారు. 2017లో ఇంటర్నెట్‌లో చందాల కోసం చేసిన ప్రయత్నం ఫలించలేదు. చేసినవారు పట్టు వదలక 2020లో విడుదల చేశారు. అంత భారతీయమైన కథలో పాత్రలు మొదట మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే. హిందీ గొంతులు 2022లో వచ్చిన మెరుగుపరిచిన కూర్పులో చేరాయి. కొనేవారు ఎక్కువగా ఎక్కడున్నారో గేమ్ ముందుగా ఆ భాష మాట్లాడుతుంది.

తెలుగుకు ఇంకో అడ్డంకి లిపి. ‘స్త్రీ’ అన్నది చదివేవారికి ఒకే అక్షరం. కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఆరు సంకేతాలుగా: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వాటిని కలిపి తలకట్టు పక్కకు నెట్టి, ఒత్తుల్ని కింద సర్ది, గుడిని పైన పెట్టే పని వేరే సాఫ్ట్‌వేర్ చేయాలి. ఇంగ్లిష్‌ను మనసులో పెట్టుకుని తయారైన గేమ్ ఇంజన్లలో చాలాకాలం ఆ ఏర్పాటు లేదు. దాంతో ఒత్తులు విడిపోయి పొల్లులు పక్కపక్కన వరస కడతాయి. అది సరిచేసుకున్నా, ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు గీసిన గడిలో తెలుగు ఒత్తుల పాదాలు తెగిపోతాయి. ఫోన్‌లో, సినిమా టైటిళ్లలో ఎప్పుడో తీరిపోయిన సమస్య గేమ్‌లో ఇంకా పలకరిస్తుంటుంది.

ఇదేమీ తీరని లోటు కాదు. భాషకు తగిన చోటు మొదటి గీతలోనే వదలడం, వాక్యాన్ని ముక్కలు చేయకుండా రాయడం, అక్షరాలను సరిగ్గా కూర్చే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం, ఈ మూడూ తెలిసిన పనులే, పెద్ద ఖర్చు లేనివే. కావాల్సింది డబ్బు పెట్టి కొనే ఆటగాడు. పోలాండ్ జనాభా నాలుగు కోట్లకు లోపే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు.